బంద్ గల్లీ గోడ

కాశిబుగ్గ దాటినంక ఒక బంద్ గల్లీ ఉండేది. చీకటి పడితే రిక్షావాళ్లు అందులకు రాకపోయేది. ఎంత బతిమాలినా మూలమీదనే దింపేది. "అటు రానమ్మా... ఆమె నిలబడి ఉంటది" అని మెల్లగ చెప్పి తిరిగి పోయేది.

ఆమె ఎవరో అందరికీ తెలుసు. పేరే ఎవరూ ఎత్తకపోయేది.

ఆమె పేరు హన్నా.

అదంతా ముందు జొన్న చేను. ఊరు పెరిగి పందొమ్మిది వందల డెబ్బై అయిదు, డెబ్బై ఆరుల ప్లాట్లు పడ్డయి. ఇటు చేను ఒకాయనది, అటు చేను ఇంకొకాయనది. ఎవరి రాళ్లు వాళ్లు పాతుకున్నరు, ఎవరి రోడ్లు వాళ్లు పోసుకున్నరు. రెండూ కలవలేదు. పైగా నడుమ నిలువెత్తు గోడ లేపిండ్రు. గోడకు ఇవతల గల్లీ ఆగిపోయింది. అవతల కొత్త కాలనీ, అది దాటితే పెద్ద రోడ్డు, దవాఖాన. గోడ లేకుంటే నాలుగు అడుగుల తొవ్వ. గోడ ఉండబట్టి చుట్టు తిరిగి మైలు దూరం.

హన్నా కాపురం ఆ గల్లీలనే. భర్త సుందర్ రావు స్టేషన్ రోడ్డుల దర్జీ. నొప్పులొచ్చిన రాత్రి వాన దంచి కొడుతాంది. "నేను ముందు పోయి నర్సమ్మను లేపుత, నువ్వు అత్తమ్మతోని రిక్షాల రా" అని చెప్పి ఆయన గోడ దుంకి ఉరికిండు.

రిక్షా అతను కొత్తోడు. వాన హోరుల అత్తమ్మ మొత్తుకున్నది వినపడక, ముందట తొవ్వ ఉన్నదనుకొని గోడదాకా తొక్కిండు. మళ్ల వెనకకు తిప్పి, ఆ బురదల చుట్టు తిరిగి పోయేసరికి...

సుందర్ రావు దవాఖాన మెట్లమీదనే నిలబడి చూస్తాండు. ఆమె ప్రాణంతోని రాలేదు.

అప్పటి సంది గోడకాడ ఒక ఆడమనిషి, రెండు చేతులు గోడకు ఆనించి, మొఖం అటే పెట్టి నిలబడుతదని పేరు పడ్డది.

రెండేండ్లకు సుందర్ రావు గోడకు అవతల కొత్త కాలనీల రెండర్రలు వేసుకున్నడు. వర్ధన్నపేట దిక్కునుంచి కృపమ్మను చేసుకున్నడు. చర్చిల కృపమ్మ, నేను ఒకటే చాపమీద కూసుంటం. ఈ ముచ్చట ఆమె నోటనే విన్న.

దుకాణం ఎనిమిదింటికి బంద్. పెద్ద రోడ్డు పట్టుకొని వస్తే ఎనిమిదిన్నరకు ఇంట్ల ఉండాలె. ఆయనేమో తొమ్మిదిన్నర చేసేది. అన్నం చల్లగయ్యేది. అడిగితే "పని" అనేది. ఆ ఒక్క మాటనే.

ఒకనాడు పాలుపోసే సమ్మమ్మ అన్నది—

"ఏం పిల్లా, నీ మొగడు రోజూ బంద్ గల్లీల ఏం చేస్తాండే?"

"ఏ గల్లీ? మా తొవ్వ అటు కాదు గద."

"గదే అంటాన్న. తొవ్వ కాని తొవ్వల మొగోడు నిలబడ్డడంటే దెయ్యం కోసమా? జర చూసుకో తల్లీ!"

నవ్వుకుంట పోయింది సమ్మమ్మ. కృపమ్మ కడుపుల నిప్పు పడ్డది. ఏ ఇంటిదో, ఎట్లుంటదో, పూలు పెట్టుకుంటదో... అన్నం కలుపుతుంటే కూడా అదే ఆలోచన.

తెల్లారి మాపటికి పోయి గల్లీ మూలకు కొంగు కప్పుకొని నిలబడ్డది. దీపం లేదు. భయం ఉన్నదా అని నేనడిగితే, "భయం ఏడిదక్కా, దాని జుట్టు ఎట్ల పట్టుకోవాలె అనే చూస్తాన్న" అన్నది.

ఆయన వచ్చిండు. ఆమెను చూడలేదు. గోడదాకా నడిచిండు. టిఫిను డబ్బ కింద పెట్టిండు. గోడకు ఒక చెయ్యి ఆనించి... మెల్లగ...

"భయపడకు హన్నా. నేనున్న గద..."

ఇంకెవ్వరూ లేరు అక్కడ. గోడనే.

కృపమ్మ కడుపుల మంట చల్లబడలేదు. బతికిన ఆడదైతే నాలుగు తిట్టి వచ్చేది. సచ్చినదానితోని ఎట్ల కొట్లాడుతరు? పైగా ఆ గొంతు! పెండ్లయిన రెండేండ్లల ఆ మెత్తటి గొంతుతోని తనను ఒక్కసారన్న పిలువలేదు.

ఆ గోడ ఉంటేనే గద నిలబడుతడు... గోడనే లేకుంటే?

అంతే. ఇంటింటికి తిరిగింది. కాగితం రాయించి, రెండు దిక్కుల ఆడవాళ్లతోని వేలిముద్రలు పెట్టించింది. మున్సిపాలిటీల కూసున్నది. "బడిపిల్లలకు దగ్గరైతది, దవాఖానకు దగ్గరైతది" అని అందరికీ చెప్పింది. మనసుల ఉన్నది మాత్రం ఒకటే... నా మొగడు సక్కగ నా ఇంటికి రావాలె.

ఇంట్ల చెప్తే సుందర్ రావు నవ్విండు. "మంచి పని చేసినవు కృపా" అన్నడు. తన కోసమే నవ్విండనుకొని ఆమె రాత్రంత నిద్రపోలేదు.

ఎనభై రెండు ఎండకాలంల గోడ కూలగొట్టిండ్రు. మొరం పోసి రెండు రోడ్లు కలిపిండ్రు. అదే రోజు మూలమీద లైటు కూడ పెట్టిండ్రు. రిక్షాలు ఇటునుంచి అటు పోవట్టినయి.

ఆ మాపున కృపమ్మ తలస్నానం చేసి, గుడ్లు వండి, వాకిట్ల కూసున్నది. ఎనిమిదిన్నర కాకముందే ఆయన కనవడ్డడు. కొత్త తొవ్వన, సక్కగ, ఎక్కడా ఆగకుంట వస్తాండు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

చాలా మెల్లగ నడుస్తాండు. ఒక చెయ్యి పక్కకు చాపి ఉన్నది... ఎవరినో పట్టుకున్నట్టు.

గడపకాడ ఆగిండు. తాను లోపలికి రాలేదు. పక్కకు జరిగిండు.

"జర పైలం... మెట్టున్నది" అన్నడు.

కృపమ్మ తొవ్వదిక్కు చూసింది. లైటు కింద రోడ్డు ఉత్తగ ఉన్నది.

ఆయన లోపలికి వచ్చి చాపమీద ఒక అంచుకు కూసున్నడు. మిగిలిన చాప ఖాళీగ ఉంచిండు. అప్పుడు తలెత్తి ఆమెను చూసిండు.

"కృపా... ఇంకో కంచం పెట్టు."

కృపమ్మ ఈ మాటకాడికి వచ్చేసరికి చర్చిల జనం లేచిపోయిండ్రు, మేమిద్దరమే ఉన్నం.

"అదే గొంతు అక్కా," అన్నది. "అంత మెత్తగ నన్ను పిలిచింది అదే మొదలు."

"మరి... పెట్టినవా?"

"పెట్టిన."

చాప అంచు పోగులు పీక్కుంట, నా దిక్కు చూడకుంట అన్నది—

"నేను ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. పొద్దుగాల రెండు ఎంగిలి కంచాలు తోమిన."