మాయమైన డి డ్రైవ్

కొమురెల్లి శవం బొగ్గు బాయి గేటు ముందే ఆగిపోయింది.

2007 ఆగస్టు 17. శుక్రవారం. ఉదయం 10.20.

గోదావరిఖని దవాఖానలో పోస్టుమార్టం అయింది. అంబులెన్స్ ఇంటికి పోవాలి. కానీ గని గేటు దగ్గరకు రాగానే కొమురెల్లి భార్య సారలమ్మ బండి ఆపించింది. దిగి, దాని ముందే నేల మీద కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు.

ఎస్సై డెబోరా జీపు దిగి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, ఏం గావాలె నీకు?"

"గా కాయితంల రాసింది తీసెయ్యాలె."

కాయితం అంటే ప్రమాద నివేదిక. నిన్న ఉదయం 10.40కి గని లోపల పైకప్పు కూలి కొమురెల్లి చనిపోయాడు. నివేదికలో ఒకే మాట రాశారు. మృతుడు హెచ్చరిక తాడు దాటి తనంతట తానే లోపలికి వెళ్లాడు.

"ఇరవై రెండేండ్ల సర్వీసు మేడమ్. తాడు దాటి ఒక్క అడుగు ఎయ్యడు. కప్పు కదులుతున్నదని మూడు దినాలసంది చెప్తనే ఉన్నడు. రీడింగులన్నీ కంప్యూటర్ల ఎక్కుతున్నయి, సార్లు చూస్తున్నరు, ఫికర్ లేదన్నడు. గా కంప్యూటర్ చూడుండ్రి."

డెబోరా లేచింది.

ఆమె ఈ బొగ్గు బెల్టులోనే పుట్టింది. తండ్రి యేసుదానం ముప్పై ఏళ్లు గనుల్లో దిగి రిటైరయ్యాడు. ఎస్సై కాకముందు ఆమె లక్ష్మీనగర్‌లో రెండేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఆ సంగతి స్టేషన్‌లో ఎవరికీ అంతగా గుర్తుండదు.

10.40. సేఫ్టీ గది.

లోపల ఇద్దరున్నారు. క్లర్క్ ఉపేందర్. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. రెండో మనిషి అండర్ మేనేజర్ లింగమూర్తి. ఇస్త్రీ చొక్కా. చేతిలో టీ గ్లాసు.

"పైకప్పు రీడింగులు ఎవరు రాస్తారు?" డెబోరా అడిగింది.

"నేనే మేడమ్," అన్నాడు ఉపేందర్. "కప్పు రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి జారిందో కింద పని చూసే ఓవర్‌మన్ కొలిచి ఫోన్ల చెప్తడు. నేను కంప్యూటర్ల ఎక్కిస్త. అంకె పది దాటితే మనుషులను ఎన్కకు పిలవాలె."

"కాగితం మీద ఉండదా?"

"కింద ఒక బుక్కు ఉంటది. అది రాళ్ల కింద పోయింది."

"ఓవర్‌మన్ ఏమంటున్నాడు?"

"ఏం చెప్పిండో యాదికి లేదంటున్నడు."

"ఫైలు చూపించు."

ఉపేందర్ తల దించుకున్నాడు. "లేదు మేడమ్."

లింగమూర్తి నిట్టూర్చాడు. "పాపం, పిల్లగాని తప్పేం లేదు మేడమ్. సి డ్రైవ్ నిండిపోయిందని వారం దినాల సంది గోల పెడుతున్నడు. ఖాళీ చేస్తా అని ఏవో ఫైళ్లు తీసేసిండు. అండ్ల ఇది గూడ పోయింది. జరుగుతుంటయి."

"నేను తియ్యలే సార్!"

"మరెట్ల పోయింది?"

డెబోరా వాళ్ల మాట వినడం లేదు. ఆమె కళ్లు కంప్యూటర్ డబ్బా మీద ఉన్నాయి. హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మినుకుతోంది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. మరి లోపల ఏం నడుస్తోంది?

మానిటర్ ఆన్ చేసింది.

డీఫ్రాగ్. డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను ఒక దగ్గరికి సర్దే పని. 34 శాతం అయింది. పైన ఒకే ఒక్క వరుస ఉంది. సి డ్రైవ్. మొత్తం 37.2 జీబీ.

35 శాతం.

"దీన్ని ఎవరు నడిపించారు?"

ఉపేందర్ తల అడ్డంగా ఊపాడు. లింగమూర్తి టీ గుక్క తాగాడు.

తీసేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు. దాని మీద ఇంకో ఫైలు వచ్చి పడేదాకా అడుగున అలాగే ఉంటుంది. ఈ సర్దుడు సాగితే దాని మీద ఏదో ఒకటి పడక తప్పదు.

36 శాతం.

డెబోరా జేబులోంచి కెమెరా తీసి స్క్రీన్ ఫోటో తీసింది. తర్వాత వంగి గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

"మేడమ్! అట్ల పీకితే సిస్టమ్ ఖరాబైతది!" లింగమూర్తి గొంతు పెరిగింది.

"కానివ్వండి."

గడియారం చూసింది. 10.52.

"సెకండ్ షిఫ్టు ఎన్నింటికి దిగుతుంది?"

"మూడింటికి," అన్నాడు లింగమూర్తి. "కూలిన జాగ మూసేసినం. పక్క ప్యానెల్‌ల పని ఉంటది."

"ఎంతమంది?"

"పంతొమ్మిది మంది."

కూలిన చోటుకు ఆనుకునే బొగ్గు తీసే ఆ పక్క ప్యానెల్ పైకప్పు ఎంత జారింది? అదీ ఆ ఫైలులోనే ఉండాలి. డెబోరా అడిగితే ఉపేందర్ లింగమూర్తి వైపు ఓరగా చూసి, అంకెలు యాదికి లేవన్నాడు.

టేబుల్ సొరుగులో కంప్లైంట్ రిజిస్టర్ ఉంది. తీసి తిరగేసింది. ఆగస్టు 13, సోమవారం. ఉపేందర్ చేతిరాత. సి డ్రైవ్ నిండినది. మొత్తం 18.6 జీబీ. ఖాళీ 112 ఎంబీ. కింద ఇంకో రాత. 14వ తేదీ సాయంత్రం 4.00. క్లీనప్ చేయబడినది. ఖాళీ 2.1 జీబీ. సంతకం, శివ.

"శివ ఎవరు?"

"లక్ష్మీనగర్‌ల రిపేర్ షాపు మేడమ్. మన కంప్యూటర్లన్నీ ఆయనే చూస్తడు."

"పిలవండి. ఖాళీ హార్డ్ డిస్క్ ఒకటి తెమ్మనండి. జల్ది."

శివ 11.30కి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. డిస్క్ ఇచ్చి స్క్రూడ్రైవర్ తీయబోయాడు.

"వద్దు. నువ్వు ఆ కుర్చీలో కూర్చో. చేతులు ఒళ్లో పెట్టుకో."

"నేనేం చేసిన మేడమ్?"

"అదే తెలియాలి."

డబ్బా ఆమే విప్పింది. పాత డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, మొత్తంగా కొత్త డిస్క్‌లోకి కాపీ పెట్టింది. పాతదాన్ని సాక్షుల ముందు కవర్లో పెట్టి సీలు వేయాలి. వెతకడమంతా కాపీలోనే. లేకపోతే కోర్టులో చెల్లదు.

కాపీకి గంటంపావు అంటోంది కంప్యూటర్.

డెబోరా కూర్చోలేకపోయింది. కిటికీ దాకా నడిచింది. వెనక్కి వచ్చింది. బయట సారలమ్మ కదల్లేదు. ఎండ ఆమె మీదికి జరిగింది. ఎవరో గొడుగు పట్టారు.

"శివా, 14వ తేదీన ఏం చేశావు?"

"టెంపరరీ ఫైళ్లు తీసిన. రీసైకిల్ బిన్ ఖాళీ చేసిన. గంతే."

"డ్రైవ్‌లు ఎన్ని ఉన్నాయి?"

"రెండు. సి, డి."

"ఏం రెండు?" లింగమూర్తి అడ్డొచ్చాడు. "ఈ సిస్టమ్‌ల మొదటిసంది ఒక్క సి నే."

శివ నోరు తెరిచి మూశాడు. అతని షాపుకు సగం పని ఈ ఆఫీసుదే. ఉద్యోగం భయంతో ఉపేందర్ కూడా తల ఎత్తలేదు.

డెబోరా రెట్టించలేదు. "నిన్న ఎక్కడున్నావు?"

"మందమర్రిల. స్కూల్ల తొమ్మిది కంప్యూటర్లు పెట్టిన. పొద్దుగూకేదాక ఆడనే."

స్కూలుకు ఫోన్ చేసింది. నిజమే.

"ఉపేందర్, నువ్వు?"

"మేనేజర్ సారు రూంల. రెస్క్యూకు, దవాఖానకు ఫోన్లు కలుపుకుంట ఉన్న. ఒకటిన్నర దాక లెవ్వలే."

మేనేజర్ అవునన్నాడు.

"లింగమూర్తి గారు, మీరు?"

"నేనెక్కడుంట? కిందనే. పదకొండు కాకముందే దిగిన. ఒకటిన్నరకు బాడీతోని పైకొచ్చిన. నాలుగు వందల మంది చూసిన్రు."

చూశారు. ఆ మాట గేటు దగ్గర అందరూ చెప్పారు. సారు శవాన్ని మోసుకుంటూ వచ్చాడని.

12.50. కాపీ అయింది. రికవరీ స్కాన్ మొదలుపెట్టింది. గంట పడుతుంది. కానిస్టేబుల్‌ను కాపలా పెట్టి బయటకు నడిచింది.

ల్యాంప్ రూంలో సదయ్య దీపాలు తుడుస్తున్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ ఇక్కడే తలదీపం తీసుకోవాలి. పైకి రాగానే ఇక్కడే ఇవ్వాలి.

"సదయ్య కాకా, నిన్నటి రిజిస్టర్ చూపిస్తవా?"

"చూడు బిడ్డా. నిన్న ఆగమాగం ఉండె. అయినా ఒక్క దీపం గూడ రాయక ఇడువలే."

ఆమె వేలు వరుసల మీద జారింది. ఒకచోట ఆగింది. మళ్లీ చదివింది.

"ఇది కరెక్టేనా కాకా?"

"నా చేతిరాతనే. తప్పెట్ల ఉంటది?"

1.55. ఫైలు దొరికింది.

డెబోరా పైనుంచి కిందికి చదివింది. ఒక్కసారే. ప్రింట్ తీసింది. ఫైలు ఎలా పోయిందో తేల్చకపోతే ఈ అంకెలను మేనేజర్ నమ్మడు, షిఫ్టు ఆపడు.

2.15. మేనేజర్ గది. ముగ్గురినీ కూర్చోబెట్టింది. సదయ్యను కూడా పిలిపించింది.

"తొందరగా చెప్తాను. టైం లేదు," అంది. "సోమవారం ఉపేందర్ సి డ్రైవ్ సైజు రిజిస్టర్లో రాశాడు. 18.6 జీబీ. ఈ రోజు అదే సి డ్రైవ్ 37.2. సరిగ్గా రెండింతలు. లింగమూర్తి గారు, ఇది ఎలా పెరిగింది?"

"చెప్పిన కదా. ఉపేందర్ ఫైళ్లు తీసేసిండు."

"మీ క్వార్టర్లో సామాను బయట పడేస్తే గది ఖాళీ అవుతుంది. గది పెద్దదవుతుందా?"

లింగమూర్తి జేబులోంచి కర్చీఫ్ తీశాడు.

"పెద్దది కావాలంటే పక్క గదితో ఉన్న గోడ పడగొట్టాలి. ఫైళ్లు తీస్తే ఖాళీ పెరుగుతుంది. సైజు పెరగదు. ఎవరో పక్కనున్న డి డ్రైవ్‌ను తీసేసి, ఆ జాగాను సి లో కలిపేశారు. రీడింగులన్నీ డి లో ఉన్నాయి. శివా, అది ఎలా చేయాలో ఎవరికి చెప్పావు?"

శివ కళ్లు లింగమూర్తి వైపు పోయి వెనక్కి వచ్చాయి.

"చెప్పు. మూడింటికి పంతొమ్మిది మంది దిగుతున్నారు."

"సారుకు," అన్నాడు శివ. "మంగళారం చెప్పిన. క్లీన్ చేస్తే నాలుగు దినాలే ఆగుతది, డి ని కలిపితే మళ్ల బాధ ఉండదన్న. ముందుగాల బ్యాకప్ తీసుకోవాలె అని గూడ చెప్పిన. డ్రైవ్‌లు కలిపే సాఫ్ట్‌వేర్ సీడీ సారు చేతికే ఇచ్చిన."

"సీడీ ఇస్తే నేనే చేసినట్టా?" లింగమూర్తి నవ్వబోయాడు. "నేను బాయిల ఉన్న మేడమ్. శవం మోస్తున్న."

"కంప్యూటర్ ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు లేచిందో తనే రాసుకుంటుంది. నిన్న 11.52కి ఆగింది. 12.09కి లేచింది. డ్రైవ్‌లు కలిపింది ఆ పదిహేడు నిమిషాల్లోనే. ఈ పొద్దున డీఫ్రాగ్ పెట్టింది ఆ జాడ చెరపడానికి."

"అప్పుడు నేను కిందున్న!"

"సదయ్య కాకా, 214 నంబర్ దీపం ఎవరిది?"

"లింగమూర్తి సారుది."

"చదువు."

సదయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "10.50కి ఇచ్చిన. 11.41కి వాపసు వచ్చింది. మళ్ల 12.18కి ఇచ్చిన. 1.34కి వాపసు."

డెబోరా ఆ రిజిస్టర్‌ను లింగమూర్తి ముందుకు తిప్పింది.

"మీరు రెండుసార్లు దిగారు," అంది డెబోరా. "అందరికీ రెండోసారి పైకి రావడమే గుర్తుంది. మధ్యలో ముప్పై ఏడు నిమిషాలు పైన ఉన్నారు. కొమురెల్లి ఇంకా రాళ్ల కిందే ఉన్నాడు."

లింగమూర్తి చేతిలో కర్చీఫ్ నలిగింది.

"ఈ నెల ప్రొడక్షన్ వెనుకబడ్డది," అన్నాడు చివరికి. "కప్పు ఇంకో రెండు దినాలు ఆగితే సరిపోతుండె. రెండు దినాలల్ల ఏమైతది అనుకుని లోపలికి పొమ్మన్న."

డెబోరా ప్రింట్‌ను మేనేజర్ ముందుకు తోసింది. సోమవారం 3. మంగళవారం 5. బుధవారం 9. గురువారం 14. కుడిపక్క గడిలో ఉపేందర్ రాసుకున్నాడు. అండర్ మేనేజర్ గారికి చెప్పితిని.

"ఇది కూలిన చోటు. ఈ కింది వరుస చూడండి. పక్క ప్యానెల్. గురువారం 11. నిన్న పొద్దున తర్వాత అక్కడ ఎవరూ కొలవలేదు."

మేనేజర్ కుర్చీ వెనక్కి పడింది. ఆయన ఫోన్ అందుకున్నాడు. వేళ్లు తడబడి తప్పు నంబర్ నొక్కాడు. అప్పటికే డెబోరా పరుగెత్తుతోంది.

2.50. గని నోటి దగ్గర పంతొమ్మిది మంది దీపాలు కట్టుకుని నిలబడ్డారు. ముందున్న ఇద్దరు లోపలికి అడుగు పెట్టారు.

"ఆగుండ్రి! ఎవ్వరు దిగొద్దు!"

కాగితం చదివి వినిపించింది. పదకొండు అనగానే ఎవరూ ఇంకో మాట అడగలేదు. ఒక్కొక్కరే దీపాలు విప్పారు.

సాయంత్రం 4.35కి కాళ్ల కింద నేల అదిరింది. చప్పుడు తర్వాత వచ్చింది. గని నోట్లోంచి నల్లటి దుమ్ము బయటకు తన్నుకొచ్చింది. పంతొమ్మిది మంది దూరంగా నిలబడి చూశారు. ఒకాయన అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

లింగమూర్తి జీపులో కూర్చుని ఉన్నాడు. దుమ్ము వైపు తల తిప్పలేదు.

5.10. మేనేజర్ సంతకంతో కొత్త నివేదిక వచ్చింది. డెబోరా దాన్ని సారలమ్మకు చదివి వినిపించింది. మృతుని తప్పు ఏమీ లేదు. పై అధికారి ఆజ్ఞ మేరకే వెళ్లినాడు.

సారలమ్మ కాగితం తీసుకోలేదు. ప్రింట్ వైపు చూసింది.

"గా పద్నాలుగు అంకె ఎన్నింటికి తెలిసింది మేడమ్?"

"ఉదయం ఆరు ముప్పై ఐదుకు. ఉపేందర్ వెంటనే లింగమూర్తికి చెప్పిండట."

"అప్పటికి మా ఆయన దిగిండా?"

హాజరు మస్టర్‌లో కొమురెల్లి దిగిన టైం డెబోరాకు తెలుసు. 7.05. అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది.

"లేదక్కా," అంది. "ఇంకా పైననే ఉన్నడు."

సారలమ్మ తల ఊపింది. చేతులు నేలకు ఆనించి మెల్లగా లేచింది. అంబులెన్స్‌కు దారి ఇచ్చింది.