కెర్తు చేపను దాచని ఆదివారం

మా సరస్సు పొడవు పదకొండు కిలోమీటర్లు, వెడల్పు నాలుగు. ఫిబ్రవరిలో అంతా మంచుగడ్డే, లారీ నడిపినా పగలదు. అంత చోటు ఉండగా, ఆ శనివారం ఉదయం ఒస్మో అనే కొత్తవాడు తన బరమా దించి కన్నం తవ్వడం మొదలుపెట్టింది కెర్తు గాలం వేసి కూర్చున్న స్టూలుకు సరిగ్గా మూడడుగుల దూరంలో.

మంచుపొడి ఎగిరి కెర్తు కాఫీలో పడింది.

"ఇక్కడ ఎవరైనా వస్తారాండీ?" అన్నాడు, సినిమాహాల్లో పక్క సీటు గురించి అడిగినట్టు.

"సరస్సంతా ఖాళీయే."

"అవుననుకోండి. కానీ మీరిక్కడ కూర్చున్నారంటే చేపలిక్కడే ఉండుంటాయి కదా."

ఈ తర్కంలో తప్పేమీ లేదు. అందుకే ఆమెకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

ఒస్మో మా ఊళ్ళ మీదుగా తిరిగే పుస్తకాల బస్సుకు తాత్కాలిక డ్రైవరు. సెలవు పెట్టిన అసలు డ్రైవరు వచ్చేదాకా, అంటే మార్చి చివరిదాకా ఉంటాడు. సముద్రం పక్కన తుర్కు అనే పట్నంలో పుట్టినవాడు, మంచు మీద గాలం పట్టడం ఇదే మొదలు. గంటలో పదకొండు పెర్చ్ చేపలు పట్టాడు. ఒక్కోటీ వేలెడంత.

"మా పిల్లికి పెట్టినా మొహం తిప్పుకుంటుంది," అంది కెర్తు.

అప్పుడే ఆమె చేతిలోని మూరెడు గాలపు కర్ర వంగింది. పైకొచ్చింది అరకిలో పెర్చ్. ఒంటినిండా పులిచారలు, ఎర్రని రెక్కలు. కెర్తు రెప్ప కూడా వేయకుండా బూటుతో దాని మీదికి మంచు నెట్టి, ముక్కు తుడుచుకుని, ఏమీ జరగనట్టు కూర్చుంది. మా దగ్గర పెద్దది పడితే అలాగే చేయాలి.

ఈ సంగతి ఒస్మోకు ఎవరూ చెప్పలేదు. లేచి నిలబడ్డాడు. "అబ్బ, ఎంత పెద్దదండీ," అని సరస్సంతటికీ వినిపించేలా మెచ్చుకున్నాడు.

ఐదు నిమిషాల్లో దూరదూరంగా కూర్చున్నవాళ్ళంతా చేరి, చుట్టూ తొమ్మిది బరమాలు తిరుగుతున్నాయి. వైనో బాబాయ్ అయితే దాదాపు ఆమె బూట్ల మధ్యలోనే కన్నం పెట్టాడు.

"నేను ఇటు గాలి బాగుందని వచ్చానమ్మా," అన్నాడాయన.

కెర్తు సామాను సర్దుకుంది. పోతూ పోతూ ఒస్మోతో అంది. "మీ బస్సులో 'నిశ్శబ్దం' అని బోర్డుంటుంది కదా. బయటికొచ్చేటప్పుడు దాన్ని మెళ్ళో వేసుకోండి."

క్షమాపణ చెప్పుకోవడానికి ఒస్మో గురువారం ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో 'చేపలు పట్టడం ఎలా' అనే పుస్తకం. కెర్తు ఇంట్లో లేదు. కిటికీ దగ్గర కుర్చీలో ఆమె తండ్రి తైస్తో ఉన్నాడు. నవంబరులో మెట్ల మీద జారి తుంటి విరిగింది. అప్పటినుంచీ సరస్సును అద్దంలోంచే చూస్తున్నాడు. మాటలు తగ్గిపోయాయి. తిండీ అంతంతే.

కెర్తు కొట్టు నుంచి తిరిగొచ్చి తలుపు తీయబోతూ ఆగిపోయింది. లోపల తండ్రి నవ్వుతున్నాడు.

"ఇది రాసినవాడు చేపను డబ్బాలో తప్ప చూసి ఉండడయ్యా. ఆ పేజీ మళ్ళీ చదువు."

సంచులు చేతుల్లో ఉండగానే ఆమె చాలాసేపు గుమ్మం బయట చలిలో నిలబడింది. లోపలికెళ్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని.

ఆ తర్వాత ఒస్మో ప్రతి గురువారం వచ్చాడు. పనికిమాలిన పుస్తకాలే ఏరుకొచ్చేవాడు, తైస్తో తిట్టుకుంటూ వినడానికి. కెర్తు థాంక్స్ చెప్పాలనుకుంది. కానీ మా సావో ప్రాంతం వాళ్ళకు ఆ మాట చెప్పడం కంటే మూడడుగుల మంచుగడ్డకు కన్నం పెట్టడం సులువు.

కాబట్టి ఇలా అంది: "శనివారం రండి. పెద్దవి ఎలా పట్టాలో చూపిస్తా. మీ వేలెడు చేపలు చూడలేక చస్తున్నా."

ఆ శనివారాల్లో 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ చూసుకోలేదు.

"ఈ కన్నం దగ్గరే ఎందుకు కూర్చున్నావ్?"

"పడుతున్నాయి కదా."

"చిన్నవి పడుతున్నాయి. పిల్లగుంపు ఉన్నచోట పెద్దవి ఉండవు. లే. ఇంకోటి తవ్వు."

"ఇది ఏడోది కెర్తూ. చెయ్యి నాది కాదనిపిస్తోంది."

"ఎవరిదైనా తవ్వు. ఎర పెద్దది కట్టు, చిన్నవాటి నోట్లో పట్టకూడదు. అడుగు తగిలేదాకా వదులు. బురదలో రెండుసార్లు తట్టు. ఇప్పుడు జానెడు లేపి ఆపు."

"ఎంతసేపు?"

"నువ్వు నోరు మూసుకున్నంతసేపు."

"అయితే ఈ జన్మకి పడదు."

పడింది. మూడో శనివారం, జానన్నర పెర్చ్. ఒస్మో దాన్ని పద్ధతి ప్రకారం మంచులో కప్పేశాడు. అయినా వైనో బాబాయ్ బరమా భుజాన వేసుకుని రానే వచ్చాడు.

"ఎలా తెలిసింది బాబాయ్?" అని ఒస్మో వాపోయాడు.

"చేపని బాగానే దాచావయ్యా. ఆ మొహాన్ని ఎక్కడ దాస్తావ్?"

కెర్తు నవ్వు ఆపుకోవడానికి సరస్సు అవతలి ఒడ్డు వైపు చూసింది. ఆమె మొహం మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పేది కాదు. అదే చిక్కయింది.

మార్చి ఆఖరి ఆదివారం ఆమె తన తండ్రి బండ మీద కూర్చుంది. బండ అంటే నీటి అడుగున ఉన్నది, పెద్ద చేపలు చేరే చోటు. చర్చి గోపురం సరిగ్గా రంపపు మిల్లు పొగగొట్టం వెనక్కి వచ్చినచోట ఆగితే, కాళ్ళ కింద అది ఉన్నట్టు లెక్క. తాత కనిపెట్టాడు. తండ్రికి చెప్పాడు. తండ్రి కెర్తుకు చెప్పాడు. నాలుగోవాడికి తెలియదు.

ఒస్మో ఒడ్డు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో గాలం లేదు.

"అసలు డ్రైవరు తిరిగి రావట్లేదట. ఉద్యోగం నాకే ఇస్తామంటున్నారు. తుర్కులోనూ ఒకటుంది. ఏదో ఒకటి రేపు చెప్పెయ్యాలి."

"ఓహో."

"ఉండనా?"

కెర్తు కన్నంలోకి చూసింది. "ఉండొచ్చు. వెళ్ళనూ వచ్చు."

సావోవాళ్ళు మాట్లాడితే అర్థం చేసుకునే బాధ్యత విన్నవాడిదే అంటారు. మా లెక్కలో ఆమె అన్నది దాదాపు కాళ్ళు పట్టుకుని ఆపడమే. తుర్కువాడికి ఎలా తెలుస్తుంది?

"సరేనండి," అన్నాడు ఒస్మో. "వెళ్తున్నానని మీ నాన్నగారికి చెప్పండి."

ఆ 'అండి' ఆమెకు చలికన్నా గట్టిగా తగిలింది.

అతను వంద అడుగులు వెళ్ళి ఉంటాడు. దారం బరువెక్కింది. కెర్తు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పైకొచ్చిన చేప కన్నంలో ఇరుక్కుని గానీ బయటపడలేదు. కిలో దాటుతుంది. అలవాటుకొద్దీ బూటు మంచు వైపు కదిలింది.

సగంలో ఆగింది.

కెర్తు లేచి నిలబడి, చేపను రెండు చేతులతో తలపైకి ఎత్తి, "ఒస్మో," అని కేక పెట్టింది. మా సరస్సు మీద ఎవరైనా మునిగిపోతున్నప్పుడు తప్ప అలాంటి కేక వినిపించదు.

అందరూ తిరిగి చూశారు. తరవాత అందరూ పరిగెత్తారు. పదహారు బరమాలు.

"అమ్మాయ్," అన్నాడు వైనో బాబాయ్ ఆయాసపడుతూ, "ఇది మీ నాన్న బండేనా? ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నానే."

"అదే బాబాయ్."

ఒస్మో అందరికంటే చివర వచ్చాడు. "పిచ్చా నీకు? ఇక ఈ చోటు మీది కాదు."

"నువ్వు వెళ్ళిపోతున్నావ్. ఇంకేం చెయ్యాలో తోచలేదు." ఆమె చేతుల్లో చేప ఇంకా కొట్టుకుంటోంది. "నాన్న నవ్వుతున్నాడు, నీవల్ల. ఆ మాట ఫిబ్రవరి నుంచీ నోట్లోనే ఉంది. థాంక్స్. ఉండు."

"ఉండొచ్చు అనా?"

"ఉండు అని. మళ్ళీ అడక్కు, గొంతు పోయింది."

"ఉండవయ్యా బాబూ," అన్నాడు వైనో బాబాయ్ కన్నంలోంచి తలెత్తకుండా. "బండే ఇచ్చేసింది. ఇంకేం కావాలి నీకు?"

ఒస్మో మొహం పదహారు మందికీ అంతా చెప్పేసింది.

వాళ్ళు ఇల్లు చేరేసరికి వైనో ఫోను ముందే చేరింది. తైస్తో కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. కెర్తు చేపను బల్ల మీద పెట్టింది.

"ఎంతమంది?"

"పదహారు, నాన్నా."

కెర్తు కోటు కూడా విప్పకుండా ఆయన వైపే చూస్తూ నిలబడింది.

"నలభై ఏళ్ళు ఆ బండ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను," అన్నాడు తైస్తో చివరికి. "ఇంతకన్నా పెద్దవే పట్టాను. చూసినవాడు లేడు." కుర్చీ తిప్పి ఒస్మోను ఎగాదిగా చూశాడు. "ముళ్ళు తీసి కొయ్యడం వచ్చా?"

"రాదండి."

"కూర్చో. కెర్తూ, కత్తి ఇలా ఇవ్వు. విరిగింది తుంటి, చేతులు కాదు."

మొదటి ముక్క కోసి పక్కన పెట్టాక, తల ఎత్తకుండానే అన్నాడు. "వచ్చే చలికాలానికి నేను నడుస్తాను. కొత్త బండ వెతకాలి, ముగ్గురం. ఊరికే దొరకదది. మా నాన్నకి ఇరవై ఏళ్ళు పట్టింది."

ఒస్మో చొక్కా చేతులు పైకి మడుచుకుని ఆయన పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"నాకు తొందరేం లేదండి," అన్నాడు.