కంటిపాపలో తెల్ల బోర్డు

తొమ్మిది కావస్తుండగా పెద్దమ్మాయి స్టూడియో షట్టరు పైకెత్తి, బల్ల తుడిచి, రెండు కెమెరాలనూ పక్కపక్కన పెట్టింది. నలభై రెండేళ్ళు వచ్చినా ఆ ఇంట్లో ఆమెను పెద్దమ్మాయి అనే పిలుస్తారు. ఆరేళ్ళు చిన్నదైన చెల్లెల్ని చిన్ని అంటారు. కింద స్టూడియో, పైన ఇల్లు. మెట్ల మీద తండ్రి చెప్పుల చప్పుడు వినగానే ఆమె తలెత్తకుండానే మనసులో పందెం వేసుకుంది, ఆయన ముందుగా ఏ కెమెరా మీద చెయ్యి వేస్తాడా అని.

వెండి రంగు దాని మీదే వేశాడు.

"భలే ఉందే," అన్నాడు, వణికే వేళ్ళతో దాని తోలు అంచు నిమురుతూ. "నా పాత డబ్బాకి చెల్లెలిలా ఉంది."

"మనకి కావలసింది కెమెరానా, అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మా నాన్నా?"

"ముట్టుకుంటేనే కోపమొస్తే ఎలాగే?"

ఆమె గ్లాసులో టీ పోసి ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

ఏడాది క్రితం ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాక పాత ఫిల్ము కెమెరా అటకెక్కింది. దాని స్థానంలోకి మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా కొనాలని ముగ్గురూ అనుకున్నారు. మామూలు కెమెరాల కంటే దానిలో బొమ్మను పట్టే సెన్సరు పెద్దది. ముఖాన్ని గోడంత చేసినా వెంట్రుక వెంట్రుకా విడివిడిగా కనబడుతుంది. కొనగలిగింది ఒక్కటే. అందుకని రెండింటిని మూడు రోజులకు అద్దెకు తెచ్చారు. వెండి కెమెరాను నడుము దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి. ఫోకస్ చేతితో తిప్పుకోవాలి. ఎవరు చూసినా ఒకసారి ఆగి మళ్ళీ చూస్తారు. నల్ల కెమెరా ఇటుక ముక్కలా ఉంటుంది, కానీ పిడికిలికి సరిగ్గా అమరుతుంది, రెప్పపాటులో కంటి మీద ఫోకస్ పట్టుకుంటుంది, బ్యాటరీ రోజంతా నిలుస్తుంది.

నల్లదే ఎందుకు కొనాలో పెద్దమ్మాయి ఒక కాగితం మీద పద్నాలుగు కారణాలు రాసింది. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. పదిహేనోది మాత్రం కాగితం మీద లేదు. చిన్నప్పుడు ఇంటికి వచ్చిపోయేవాళ్ళంతా పొగుడుతున్నామనుకుంటూ ఒకే ముక్క అనేవారు: పెద్దది పనిమంతురాలు, చిన్నది అందగత్తె. ఆ మాటల్లో ఏది ఎవరికి దక్కాలో తనను అడక్కుండానే పంచేశారన్న మంట ఆమెలో ఇన్నేళ్ళైనా చల్లారలేదు. చిన్ని వెండి కెమెరాను మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడినప్పుడల్లా ఆ మంట ఇంకాస్త ఎగిసేది.

తండ్రి ఇష్టాయిష్టాలతో తేల్చే మనిషి కాడు. "పరీక్ష పెట్టండి," అన్నాడు. "ఇద్దరూ నన్నే తీయండి. ఎవరి ఫోటో నెగ్గితే ఆ కెమెరా ఉంటుంది. స్టూడియో పెద్ద గదిలో కెమెరా స్టాండు వెనక నా చోట వాళ్ళే నిలబడతారు. రెండోవాళ్ళు వెలుతురు సంగతి చూసుకుంటారు."

పరీక్ష నియమాలు పెద్దమ్మాయే రాసింది. ఒకే కుర్చీ, ఒకే కిటికీ, ఒకే దూరం. పాత ఫిల్ము రీలులో లాగే చెరి పన్నెండు ఫోటోలు. ఒకరు తీస్తున్నప్పుడు రెండోవారు పక్కన నిలబడి, కిటికీ వెలుతురును ముఖం మీదికి మళ్ళించే తెల్ల బోర్డు పట్టుకోవాలి. చెరొకటి ఎంచుకుని, ప్రింటు వెనక పెన్సిలుతో అంకె మాత్రమే వేయాలి. కళ్ళద్దాల దుకాణం నడిపే ఆమె భర్త, ఏది ఎవరిదో తెలియకుండా తీర్పు చెప్పాలి.

ఆమె వంతు ముందు వచ్చింది. కన్ను నల్ల కెమెరాకు ఆనించి, "లెన్సు వైపు చూడు నాన్నా, కదలకు," అంది. ఆయన కదలలేదు. పన్నెండూ కత్తిలా వచ్చాయి.

తర్వాత చిన్ని వెండి కెమెరాతో నిలబడింది. బోర్డు వంచి, తండ్రి చెంప మీద వెలుతురు సరిగ్గా పడేదాకా పెద్దమ్మాయి ఊపిరి బిగబట్టింది. పోటీలో ఉన్నా వెలుతురు విషయంలో అన్యాయం చేయడం ఆమెకు చేతకాదు. అంతలో ఆయన ముఖం విచ్చుకుంది. పెదవి చివర మొదలైన నవ్వు కళ్ళదాకా పాకింది. చిన్ని మీట నొక్కింది. తనకు రాని నవ్వు చెల్లెలికి దక్కిందనుకుంది పెద్దమ్మాయి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త చేతులు తుడుచుకుని రెండు ప్రింట్లూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎంతోసేపు చూడలేదు.

"రెండోది."

"ఎందుకో చెప్పండి," అంది పెద్దమ్మాయి.

"ఇందులో మామయ్యగారు ఉన్నారు. మొదటిదాంట్లో ఆయన చొక్కా బాగా వచ్చింది."

చిన్ని పగలబడి నవ్వబోయి, అక్క ముఖం చూసి నోరు నొక్కుకుంది. భర్తకు విషయం అప్పుడు అర్థమైంది. "మొదటిది నీదా? ముందే ఒక సైగైనా..."

"సైగలు చేస్తే అది పరీక్ష ఎలా అవుతుందండీ?" అంది పెద్దమ్మాయి. "సరే. ఏడేళ్ళప్పుడు ఈ చేతికి బోర్డు ఇచ్చారు. ఇంకో ముప్ఫై ఐదేళ్ళు పట్టుకుంటాను."

"అక్కా, ఏంటా మాటలు?"

"మాటలు కాదు, జరిగిందే చెబుతున్నా. నాన్న నవ్వింది ఆ కెమెరాకి కాదు, నీకు. నువ్వు పుట్టినప్పటినుంచీ నిన్ను చూస్తే ఆయన మొహం అలాగే వెలుగుతుంది. నన్ను చూస్తే మందులు వేసుకోవాలని గుర్తొస్తుంది."

తండ్రి ఏదో అనబోయాడు. చిన్ని ఆగలేదు.

"నా సంగతి నీకేం తెలుసు? నీ చేతికి ఏదిచ్చినా అందరూ నిశ్చింతగా వెళ్ళిపోతారు. నాకు ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ ఒక్క క్షణం ఎలా ఉంటుందో నువ్వెప్పుడూ చూళ్ళేదు. ఆ వెండి కెమెరా నాకెందుకు నచ్చిందనుకున్నావు? దాన్ని చూసి కూడా అందరూ అదే అంటారు, ఇది పనికొస్తుందా అని. నువ్వైతే పద్నాలుగు సార్లు రాశావు."

ఆ మాట పెద్దమ్మాయికి తగిలింది. కానీ తగిలిందని ఒప్పుకోవడం అప్పటికప్పుడు వల్ల కాలేదు. లేచి కంప్యూటరు ముందు కూర్చుంది.

"పనికొస్తుందో లేదో చూపిస్తా. ఫోకస్ కన్ను వదిలేసి చెవి మీద పడి ఉంటుంది."

తండ్రి ముఖాన్ని తెర మీద పెద్దది చేసింది. ఫోకస్ తప్పలేదు. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. పట్టువిడవక ఇంకా పెద్దది చేసింది. ఇప్పుడు తెర నిండా ఒక్క కన్నే ఉంది.

"ఇదిగో తప్పు," అంది గెలిచినట్టు. "చూపు లెన్సు మీద లేదు. పక్కకి పోయింది."

భర్త కళ్ళద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. "నల్లగుడ్డు ఉబ్బెత్తు అద్దం లాంటిది. ఎదురుగా ఉన్నదంతా అందులో పడుతుంది. ఎటు చూశారో వెతుకు."

కంటిపాపలో కిటికీ చువ్వలు కనబడ్డాయి. వాటి కింద తల వంచుకున్న చిన్ని. ముఖం లేదు, పాపిట మాత్రమే ఉంది. ఆమెకు పక్కగా, గోరంత తెల్ల చతురస్రం. దాని పైన ఒక చిన్న తల. ఆయన చూపు సూటిగా అటే ఉంది.

పెద్దమ్మాయి చెయ్యి మౌసు మీద నిలిచిపోయింది.

"చిన్ని ఆ డబ్బాలోకి తల దించేసింది," అన్నాడు తండ్రి మెల్లగా. "నాకు చూడ్డానికి మొహం లేదు. పక్కకి చూస్తే నువ్వు. బోర్డు పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా నిలబడ్డావు. ఏడేళ్ళప్పుడు స్టూలెక్కి మొదటిసారి పట్టుకున్నప్పుడూ అచ్చం అంతే. నవ్వాగలేదు."

"మరి నేను తీసినప్పుడు?"

"నువ్వెక్కడున్నావే? కెమెరా వెనక దాక్కున్నావు. లెన్సు వైపు చూడమన్నావు, చూశాను. ఇటుకని చూసి ఎలా నవ్వను? పరీక్ష బాగానే పెట్టావమ్మా. అన్నీ సమానం చేశావు. నిన్ను మాత్రం లెక్కలో మరిచిపోయావు."

ఇన్నేళ్ళుగా ఆమె దాచుకున్న రుజువులన్నీ అలాంటివేనేమో. చెల్లెలి వైపు తిరిగిన ప్రతి చూపునూ ఆమె గుర్తుపెట్టుకుంది. తన వైపు తిరిగిన చూపులు తాను పనిలో ఉండగా వచ్చి వెళ్ళిపోయాయి. కళ్ళు తుడుచుకుందామంటే కొంగు అందలేదు. కెమెరాలు తుడిచే మెత్తటి గుడ్డ చిన్ని ఆమె చేతిలో పెట్టింది.

"లెన్సు గుడ్డే ఇది," అంది పెద్దమ్మాయి ఏడుస్తూనే.

"ఉతుకుదాంలే. ఇంకోటి చెప్పనా? నా పన్నెండింటిలో పదకొండు మసకే అక్కా. నిలిచింది ఇదొక్కటే. నువ్వు రాసింది నిజమే, నల్లదే కొందాం."

"ఇంత గొడవా అయ్యాక చెబుతున్నావా?"

"పరీక్షలో ఒక్కటే చూపించమన్నావుగా."

ఈసారి నవ్వింది పెద్దమ్మాయే. చెల్లెలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పనికొస్తుందా అని నేనూ అనుకున్నానే. కెమెరా గురించి మాత్రమే కాదు," అంది. చిన్ని చెయ్యి విడిపించుకోలేదు.

మర్నాడు ఉదయం, కెమెరాలు తిరిగి ఇచ్చే ముందు, తండ్రి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. నల్లది కొని, స్టాండు వెనక రోజు మార్చి రోజు నిలబడండని ఆయనే తేల్చేశాడు. చిన్ని నల్ల కెమెరా వెనకున్న తెరను వేలితో పైకి లాగింది. అది మడత విడి, పైకప్పు వైపు తిరిగింది.

"నీ కాగితంలో తొమ్మిదో కారణం. రాశావు గానీ ఒక్కసారీ వాడలేదు."

పాతికేళ్ళుగా బయటి పెళ్ళిళ్ళలో కన్ను ఆనించి తీయడం అలవాటైన పెద్దమ్మాయి ఇబ్బందిపడుతూ కెమెరాను నడుము దగ్గరికి దించింది. ఒక్కసారి తెర వైపు చూసింది. కెమెరా తనంతట తానే కంటి మీద ఫోకస్ పట్టుకుంది, ఆమె తలెత్తింది. ముఖానికి ఏదీ అడ్డం లేదు. పక్కన చిన్ని బోర్డు ఎత్తి పట్టుకుని, "చేతులు పడిపోతున్నాయి, త్వరగా," అని సణుగుతోంది.

"కాస్త పైకి. ఇంకాస్త. అలా ఉంచు."

"అక్కా, నాలుక లోపల పెట్టుకో."

"ఉండనీవే," అన్నాడు తండ్రి.

ఆమె మీట నొక్కింది. ఆయన ఎటు చూస్తున్నాడో తెలుసుకోవడానికి ఈసారి దేన్నీ పెద్దది చేసి చూడనక్కరలేకపోయింది.