రెండో గీత పడని పని

ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఓనరు తన ఫ్రీజర్ గదిలోనే శవమై కనిపించాడు.

గురువారం ఉదయం ఆరున్నరకు మిషన్ ఆపరేటర్ తలుపు తీశాడు. లోపల మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. పెద్దాయన తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పిడికిళ్ళ మీద చర్మం చిట్లి ఉంది. ఎంతసేపు బాదాడో తెలియదు. తలుపు మందం జానెడు. బాదిన చప్పుడంతా లోపలే ఉండిపోయింది.

చొక్కా జేబులో ఒక పెన్ను, మడత పెట్టిన కాగితం. సెల్‌ఫోన్ ఆఫీసు బల్ల మీద చార్జింగ్‌లో ఉంది.

లోపల ఎవరైనా చిక్కుకుంటే నొక్కడానికి ఆ తలుపుకు ఎర్ర నాబ్ ఒకటి ఉంది. నొక్కితే కడ్డీ కదిలి బయటి గొళ్ళెం ఊడాలి. నాబ్‌నీ కడ్డీనీ కలిపి ఉంచేది ఒక్క బోల్టు. తలుపు బయటి వైపు నుంచి బిగించాలి దాన్ని.

ఆ బోల్టు లేదు. నాబ్ నొక్కితే ఉత్తినే లోపలికి పోయి వస్తోంది.

కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో వెనకాల అందరూ చిరాకు మేడమ్ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అదీ ఒక చిరాకే. దానికి తోడు కుడి దవడ పన్ను సలుపుతోంది. పన్ను డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని ఫోన్ రోజూ గుర్తు చేస్తుంది. ఆవిడ రోజూ 'రేపు' అని నొక్కుతుంది. ఫోన్ కిక్కురుమనకుండా ఆ పనిని రేపటికి జరుపుతుంది. ఎండాకాలం నుంచీ ఇదే తంతు.

గేటు దగ్గర కెమెరా ఉందన్నారు. ఆశపడి వెళ్ళింది. దాని వైరు ఎలుకలు కొరికి చాలాకాలమైంది. గొళ్ళెం మీద వేలిముద్రలు అడిగింది. పొద్దున కంగారులో ఫ్యాక్టరీలో సగం మంది దాన్ని పట్టుకున్నారట. ఫోరెన్సిక్ రిపోర్టు పుస్తకమంత వచ్చింది. తలుపు కొలతలకే రెండు పేజీలు. బోల్టు ఎప్పుడు పోయిందో మాత్రం ఎక్కడా లేదు.

విచారించాల్సింది ముగ్గురిని.

మిషన్ ఆపరేటర్ బుధవారం సాయంత్రం ఆరింటికి షిఫ్టు దిగి బస్సెక్కాడు. తోటివాళ్ళు సాక్ష్యం చెప్పారు. అతని దగ్గర ఇంకేమీ దొరకలేదు.

రెండోవాడు పెద్దాయన తమ్ముడు. అమ్మకాలు చూస్తాడు. బుధవారం ఏడుంబావుకు ఇంటికి బయల్దేరానన్నాడు. అప్పటికి ఫ్యాక్టరీలో అన్నయ్య ఒక్కడే ఉన్నాడట. నాబ్ ఇంకా బాగుపడలేదని, కూతురికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోందని తనతో అని తిట్టుకున్నాడట. ఈ ముక్క మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ కళ్ళు తుడుచుకున్నాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

మూడో మనిషి కూతురు.

ఫ్యాక్టరీ నడిపేది ఆమే. పనులన్నీ ఆమె ఫోన్‌లో ఒక యాప్‌లో ఉంటాయి. బాబాయి ఫోన్‌లోనూ అవే కనిపిస్తాయి. ఆమె ఆ యాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. 'ఫ్రీజర్ నాబ్ రిపేరు' అన్న పని ఎర్రగా వెలుగుతోంది. గడువు దాటి నెల పైనే అయింది.

"నేనే చంపాను మేడమ్. రాసుకోండి" అంది.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఈ అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్పదు. ఏ ప్రశ్న వేసినా యాప్‌లో ఎర్రగా ఉన్న ఆ పని దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ రాత్రి నాన్న ఇంటికి రాలేదేమని వెతకలేదా అంటే, ఆయన తరచూ ఆఫీసులోనే పడుకుంటాడని చెప్పి, వెంటనే మళ్ళీ నాబ్ సంగతి ఎత్తుకుంది.

నాబ్ పాడైన నాటి నుంచీ పెద్దాయన తీసుకున్న జాగ్రత్త ఒకటి ఉంది. ఫ్రీజర్‌లోకి వెళ్ళేటప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బా అడ్డం పెట్టి తలుపు మూసుకోకుండా చూసుకునేవాడు. గురువారం ఆ డబ్బా మూలన, మిగతా డబ్బాల కింద ఉంది.

శనివారం మధ్యాహ్నం పై అధికారి ఫోన్ చేశాడు. ఆయనకు కేసు అరచేతిలో ఉన్నంత తేలిగ్గా అర్థమైపోయింది. "ముసలాయన డబ్బా పెట్టడం మర్చిపోయాడు. కూతురు రిపేరు మర్చిపోయింది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముందమ్మా? సోమవారం ఆ అమ్మాయి మీద నిర్లక్ష్యం కేసు కట్టి అరెస్ట్ చూపించండి."

ఇన్‌స్పెక్టర్ సరే సార్ అంది. ఫోన్ పెట్టేశాక ఇంకేదో కూడా అంది. అది రాయదగ్గది కాదు.

ఆవిడకు నచ్చనిది ఒక్కటే. నెల రోజులు ఒక్కపూట కూడా మర్చిపోకుండా డబ్బా పెట్టిన మనిషి ఆ ఒక్క సాయంత్రం ఎలా మర్చిపోతాడు? కానీ నచ్చకపోవడం సాక్ష్యం కాదు. ఆ మాట పైకి రాస్తే నవ్వుతారు.

జేబులో దొరికిన కాగితం ఫొటో తన ఫోన్‌లో ఉంది. బుధవారం పనుల చీటీ. పెద్దాయన చేతిరాత. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. వేలితో పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. మధ్యలో పన్ను డాక్టర్ గుర్తు చేస్తూ ఫోన్ మోగింది. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ సొరుగులో పడేసింది. సీలు కవరులోంచి అసలు చీటీ తెప్పించి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని, పెన్నుతో ఎక్కించడం మొదలుపెట్టింది.

మిక్సర్ కడిగించాలి. ఇంటూ మార్కు.

కప్పుల ఆర్డరు. ఇంటూ మార్కు.

తమ్ముడితో మాట్లాడాలి. ఇంటూ మార్కు.

ఫ్రీజర్ స్టాకు చూడాలి. ఇక్కడ ఆవిడ చెయ్యి ఆగింది. దీని మీద ఇంటూ లేదు. ఏటవాలుగా ఒకటే గీత. ఫొటోలో ఇన్నిసార్లు చూసినా కొట్టేసిన పనులన్నీ ఒకేలా కనపడ్డాయి. చేత్తో గీస్తుంటే తెలిసింది, రెండో గీత లేదని.

ఆఖరిది: షాపులకు ఫోన్, సరుకు వెనక్కి. దాని మీద ఏ గీతా లేదు.

రాయడం అయిపోయింది. ఆవిడ కాగితం దూరంగా పెట్టి చూసుకుంది. ఇంత పట్టింపు మనిషి, తన ప్రాణానికి సంబంధించిన నాబ్ సంగతి ఈ చీటీలో ఎందుకు రాయలేదు?

సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్ళి కూతురిని ఈసారి నాబ్ గురించి అడగలేదు. చీటీల గురించి అడిగింది. ఆ పిల్ల మొదటిసారి వంకర లేకుండా జవాబు చెప్పింది.

నాన్న రోజూ పొద్దున్నే కొత్త చీటీ రాసేవాడట. పనికి లేచేటప్పుడు ఒక గీత. పని పూర్తయ్యాక తన కళ్ళతో చూసుకుని, దాని మీద అడ్డంగా రెండో గీత. పూర్తికాని పనుల్ని మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చేత్తో రాయాల్సిందే.

"యాప్‌లో వేసుకో నాన్నా, దానంతటదే రేపటికి వెళ్తుంది అనేదాన్ని. అదే వద్దు అనేవాడు. రోజూ రాయాల్సి వస్తే చేతికే సిగ్గేసి ఆ పని చేసేస్తుందట."

ఇన్‌స్పెక్టర్ నాలుక అప్రయత్నంగా కుడి దవడ వైపు వెళ్ళింది.

పాత చీటీలు ఏమయ్యాయని అడిగింది. కూతురు బల్ల వెనక గోడ చూపించింది. బిల్లులు గుచ్చే మేకుకు దొంతరగా ఉన్నాయి. మూడు రోజులుగా పోలీసులు ఆ మేకు పక్కనే కూర్చుని టీలు తాగారు. ఆ మాట తల్చుకుంటే ఇన్‌స్పెక్టర్‌కి తన మీద తనకే కోపం వచ్చింది.

పైనుంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. చదివింది. ఆపరేటర్‌ని పిలిచి రెండు ప్రశ్నలు అడిగింది. తర్వాత ఫోరెన్సిక్ రిపోర్టు మళ్ళీ తెరిచి, విసుగుతో దాటేసిన పేజీలన్నీ తిట్టుకుంటూ చదివింది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ముగ్గురినీ కూర్చోబెట్టింది. పై అధికారి కూడా వచ్చాడు, అరెస్ట్ చూసి వెళ్దామని. కూతురు అప్పటికే చిన్న సంచి సర్దుకుని వచ్చింది. అందులో రెండు జతల బట్టలు.

ముందు తమ్ముడి వైపు తిరిగింది.

"బుధవారం ఏడుంబావుకు మీ అన్నయ్య ఏమన్నారు?"

"నాబ్ ఇంకా బాగుపడలేదన్నాడు."

"ఇంకా అన్నారా?"

"అవును మేడమ్. పాపం, అన్నయ్యకు అదే దిగులు."

"మరి డబ్బా ఎందుకు పెట్టుకోలేదు?"

"మర్చిపోయుంటాడు. వయసైపోయింది కదా."

ఆవిడ చీటీలు బల్ల మీద వరసగా పెట్టింది. నెల రోజులవి. ప్రతి చీటీలోనూ మొదటి పని ఒకటే. నాబ్ బోల్టు. రోజురోజుకీ అక్షరాలు పెద్దవవుతున్నాయి. ఒక చీటీలో పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది.

"ఇది మంగళవారంది. చూడండి."

నాబ్ బోల్టు. దాని మీద ఇంటూ మార్కు.

"మొదటి గీత పనికి లేచినప్పుడు. రెండోది అయిందని కళ్ళతో చూశాక. ఆయన తనే బోల్టు కొని తనే బిగించుకున్నారు. అందుకే బుధవారం చీటీలో ఆ మాట లేదు. అందుకే బుధవారం డబ్బా పెట్టలేదు. ఆయన ఏమీ మర్చిపోలేదు. డబ్బాతో పని లేదని తెలిసి లోపలికి వెళ్ళారు."

పై అధికారి కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

అన్నయ్య సరిగ్గా బిగించలేదేమో, మళ్ళీ ఊడిపోయిందేమో అన్నాడు తమ్ముడు.

ఊడితే కింద పడాలి కదా అంది ఇన్‌స్పెక్టర్. గురువారం ఆ నేలంతా మోకాళ్ళ మీద వెతికారు. బోల్టు లేదు. కానీ బోల్టు బెజ్జంలో కొత్త గ్రీజు ఉందని రిపోర్టులో పదకొండో పేజీలో ఒక ముక్క ఉంది. నెల రోజులుగా ఖాళీగా ఉన్న బెజ్జానికి గ్రీజు ఎవరు పూస్తారు? మంగళవారం సాయంత్రం పెద్దాయన గ్రీజు డబ్బా అడిగి తీసుకున్నాడని ఆపరేటర్ చెప్పాడు. దేనికని అతను అడగలేదు. పోలీసులు అతన్ని అడగలేదు.

"మీ అన్నయ్య బుధవారం మీతో మాట్లాడారు. ఇదిగో, దానికీ ఇంటూ ఉంది. కానీ మీరు చెప్పిన మాట మాత్రం అని ఉండరు. బాగుచేసుకున్న నాబ్ బాగుపడలేదని ఏ మనిషీ అనడు. ఆయన మాట్లాడింది దీని గురించి" అని ఆఖరి పని మీద వేలు పెట్టింది. షాపులకు ఫోన్, సరుకు వెనక్కి.

ఆపరేటర్ తల వంచుకుని చెప్పాడు. కిందటి నెల కరెంటు పోయి ఒక బ్యాచ్ అంతా కరిగింది. పారబోయమని పెద్దాయన చెప్పాడు. చిన్నాయన మళ్ళీ గడ్డ కట్టించి, కొత్త తేదీ స్టిక్కర్లు అంటించి షాపులకు పంపాడు. నోరెత్తితే ఉద్యోగం ఉండదన్నాడు.

తమ్ముడు కళ్ళు తుడుచుకోలేదు ఈసారి.

"స్టాకు చూసి రాగానే ఊళ్ళో షాపులన్నిటికీ ఫోన్ చేసి, మా తమ్ముడు ఈ పని చేశాడని తనే చెప్తానన్నాడు. నా పేరుతో చెప్తానన్నాడు. ఇంక నా మొహం ఎవరికి చూపించను?"

"బోల్టు బిగించిన సంగతి మీకెలా తెలుసు?"

"బిగిస్తుంటే పక్కనే ఉన్నాను. పిల్లకు చెప్పొద్దు అన్నాడు. అదే గుర్తు తెచ్చుకుని వచ్చి అడిగేదాకా చూస్తాను అన్నాడు."

పిల్ల ఫోన్‌లో ఆ పని ఎర్రగా ఉన్నంతకాలం తప్పు దాని మీదికే పోతుందని అతనికి తెలుసు. అన్నయ్య స్టాకు చూడ్డానికి లోపలికి వెళ్ళాక, బయటి నుంచి స్పానర్‌తో బోల్టు తీశాడు. దారిలో కాలవలో పడేశాడు. అంతే.

అతన్ని తీసుకెళ్ళారు. పై అధికారి వెళ్తూ వెళ్తూ, ఆ చీటీలన్నీ జాగ్రత్తగా సీలు చేయమని సలహా ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఆయనకు సెల్యూట్ కొట్టి, ఆయన జీపు గేటు దాటేదాకా పళ్ళు బిగించుకుని నిలబడింది. పన్ను ఇంకాస్త సలిపింది.

తిరిగి వచ్చేసరికి కూతురు అక్కడే కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో ఉంది.

"అయినా నేను మర్చిపోయాను కదా మేడమ్."

కాదని చెప్పాలనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి. చెప్పలేకపోయింది. అబద్ధం చెప్తే ఈ పిల్లకు తెలిసిపోతుంది.

"మర్చిపోయావు. కానీ మీ నాన్న పోయింది అందువల్ల కాదు."

కూతురు మంగళవారం చీటీ దగ్గరికి లాక్కుంది. ఆ రెండు గీతల్నీ చాలాసేపు చూసింది. మెల్లగా మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ ఆ మొహంలో లేని కోపం వచ్చింది.

"బాబాయికి చెప్పాడు. నాకు చెప్పలేదు. నాకు బుద్ధి రావాలని కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పుంటే యాప్‌లో తీసేసేదాన్ని. బాబాయికి ఆ ధైర్యమే వచ్చేది కాదు. ఇద్దరం ఒకే గదిలో కూర్చుంటాం మేడమ్. అటు బల్ల ఆయనది, ఇటు బల్ల నాది."

అప్పుడు ఏడ్చింది, గురువారం నుంచీ ఏడవనిదంతా. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడింది.

కాసేపటికి కూతురు మొహం తుడుచుకుని లేచింది. నాన్నని ఎక్కడ ఉంచారని అడిగింది. మార్చురీకి వెళ్ళి గుర్తుపట్టింది కూడా బాబాయేనట. తను ఇంతవరకూ గుమ్మం దాకా కూడా పోలేదట.

"ఇప్పుడు చూడనిస్తారా?"

"చూడొచ్చు. నేను తీసుకెళ్తాను."

"కాసేపు నన్ను ఒక్కదాన్నే వదిలేయాలి మేడమ్. ఆయన్ని తిట్టాలి."

ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలు తీసుకుంది. కూతురు సంచిని కుర్చీలోనే వదిలేసి ఆవిడ వెంట నడిచింది.