చేరింది, పడుకోండి

కొలంబియాలోని మెదెయిన్‌లో క్లబ్బుకి జనం రాత్రి పదకొండు దాటితే గానీ రారు. అంతకుముందు గంట వాయించే డీజేది ఖాళీ గది ముందు కచేరీ. ఆ గంటకో నియమం ఉంది. వచ్చినవాళ్ల ఒళ్లు వెచ్చబడాలి, చెమట పట్టకూడదు. చెమట పట్టించే హక్కు తర్వాత వచ్చే పెద్ద డీజేది. ఆ పెద్ద డీజే ఎప్పుడూ మగవాడే.

మారిసెల్‌కి ఆ గంట దొరికి ఏడాదయింది. ఈ శనివారం మాత్రం గోడ మీద పోస్టర్లో ఆమె పేరు పెద్దక్షరాల్లో ఉంది. మొదటిసారి నడిరాత్రి ఆట ఆమెది.

"పోస్టర్లో ఒక ఆడపిల్ల పేరుంటే కళగా ఉంటుంది," అన్నాడు యజమాని ఎల్కిన్, నిమ్మకాయలు కోస్తూ. "ఆ జీన్సు మార్చుకోరాదూ?"

"నువ్వు కోస్తున్నవి నిమ్మకాయలేనా? వేలు జాగ్రత్త."

ఎల్కిన్ నవ్వాడు. నేల తుడిచిన మందు వాసన, పొగ యంత్రం వదిలే తియ్యటి వాసన కలిసి గొంతులో అడ్డం పడుతున్నాయి. పాటల పరికరాల వెనక చిన్న గదిలో, బీరు పెట్టెల మీద డెయ్‌సీ కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. మారిసెల్ స్నేహితురాలు యొహానాకి చెల్లెలు. అరగంట క్రితం చెప్పకుండా వచ్చింది.

"మారిసెల్ అక్కా, ఎక్కువసేపు ఉండను. సోమవారం పోలీసులు అక్క ఫైలు మూసేస్తారట. మా లాయరమ్మ ఒక్కటే అడుగుతోంది. ఆ రాత్రి ఇంటికి చేరానని అక్క నీకు మెసేజి పెట్టింది కదా, అది చూపించమంటోంది."

"ఫోన్ మార్చానే. పాతదాంట్లో వెతకాలి. ముందు ఈ గంట వాయించి వస్తాను, కూర్చో."

ఏడాదిగా ఈ ప్రశ్న ఎదురొస్తుందనే ఆమె వాళ్ల వీధి వైపు వెళ్లడం మానేసింది.

యొహానాది కొండ మీద ఇల్లు. టాక్సీ కింద ఆగుతుంది, పైకి నూట అరవై మెట్లు. స్నేహితురాళ్లు ఐదుగురికీ ఒక కట్టుబాటు ఉండేది. క్లబ్బు నుంచి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. వెళ్లాల్సి వస్తే ఇంట్లో అడుగుపెట్టగానే 'చేరాను' అని మిగతావాళ్లలో ఒకరికైనా మెసేజి పెట్టాలి. ఆ మాట వచ్చేదాకా మిగతావాళ్లు నిద్రపోకూడదు. ఈ ఊళ్లో ఆడవాళ్లకి కాపలా ఆడవాళ్లే.

ఏడాది కిందట ఆ రాత్రి, ఒంటిగంటకి వాయించాల్సిన డీజే రాలేదు. ఇంకో గంట వాయిస్తావా అని ఎల్కిన్ మారిసెల్‌ని అడిగాడు. దరువు పట్టుకోవడం ఆమెకి నేర్పిందే యొహానా. పొద్దున్నే ఉద్యోగానికి పోవాలి కాబట్టి యొహానా ఆగలేనంది. "నువ్వు పోవే, నేను ఫోన్ చూస్తుంటాగా," అంది మారిసెల్.

ఒంటిగంటా నలభైకి యొహానా ఫోన్ చేసింది. మారిసెల్ రెండు చేతులూ పరికరాల మీద ఉన్నాయి. ఎదుట జనం ఊగుతున్నారు, తన కోసం, మొట్టమొదటిసారి. కాల్ కట్ చేసింది. తర్వాత మిగతా ముగ్గురూ అడగడం మొదలుపెట్టారు. చేరిందా? చేరిందా? ఫోన్ గుయ్‌మంటూనే ఉంది. వాళ్ల పోరు పడలేక ఒంటి చేత్తో కొట్టి పంపింది.

'చేరింది, పడుకోండి.'

పడుకున్నారు. మూడు రోజులకి యొహానా మెట్ల కింద వాగులో దొరికింది. పోలీసులకి ఆ రెండు మాటలూ చాలాయి. ఇంటికి చేరిన ఆడది మళ్లీ బయటికొచ్చిందంటే సొంత పని మీదే వచ్చి ఉంటుందన్నారు. పేపర్లో చంపినవాడి గురించి ఒక్క వాక్యం లేదు. యొహానా పొట్టి లాగు గురించి మూడున్నాయి. మారిసెల్ ఆ మూడూ చదివింది. చదివి, శనివారం వచ్చి వాయించింది.

ఇప్పుడు మొదటి పాట వదిలింది. మెల్లగా, లోతుగా దరువు మొదలైంది. పొగలో నీలం దీపం ఈదుతోంది.

స్పీకర్లలో మోగే పాట అందరిదీ. తర్వాత రాబోయే పాట మాత్రం హెడ్‌ఫోన్‌లో డీజేకి ఒక్కదానికే వినబడుతుంది. రెండింటి దరువూ కలిసేదాకా చెవిలోనే సరిచేసి, అప్పుడు బయటికి వదలాలి. మారిసెల్ ఎడమ చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని తల ఎత్తింది.

ఫ్లోరు మీద ఒకమ్మాయి ఆడుతోంది. వెనక్కి తిరిగి ఉంది.

తలుపులు అప్పుడే తీశారా అనుకుంది మారిసెల్. కాసేపు చూసింది. పాపం, ఈ పిల్లకి తాళం తెలీదు. అడుగు ఎక్కడా దరువు మీద పడటం లేదు.

కాదు... పడుతోంది.

బయటి దరువు మీద కాదు. తన ఎడమ చెవిలో మోగుతున్న దాని మీద.

మారిసెల్ వేలితో ఆ పాట ఆపింది. అమ్మాయి ఆగింది.

మళ్లీ మొదలుపెట్టింది. అమ్మాయి ఆడింది.

వేగం పెంచింది. అడుగులూ వేగం పుంజుకున్నాయి. కుడి భుజం ముందుకి వాలుతోంది... ప్రతి నాలుగో దరువుకీ. అలా ఆడేది ఒక్కతే. జుట్టు తడిగా వీపుకి అతుక్కుని ఉంది. దాంట్లో ఎండుటాకులున్నాయి.

చెవిలో పాట పూర్తిగా తీసేసింది. ఏ శబ్దమూ ఉండకూడదు ఇక.

ఉంది.

ఊపిరి. ఆయాసపడుతున్న ఊపిరి. ఒక అడుగు. ఇంకో అడుగు. చెప్పు సిమెంటుకి రాసుకుంటున్న చప్పుడు. ఎవరో మెట్లెక్కుతున్నారు... ఆగుతున్నారు... మళ్లీ ఎక్కుతున్నారు. మారిసెల్ లెక్కపెట్టింది. నూట అరవై దాటాయి. రెండొందలు దాటాయి. మెట్లు అయిపోవడం లేదు.

యొహానా ఇంకా ఎక్కుతూనే ఉంది. ఇంకా చేరలేదు.

"పాట అయిపోతోందే పిల్లా," అని అరిచాడు ఎల్కిన్. "నడిరాత్రి ఆట నీకివ్వడం నా తప్పని అనిపించకు."

"నీ ఆట నువ్వే ఆడుకో," అంది మారిసెల్. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. ఫ్లోరు వైపు చూడకుండా వెనక గదిలోకి నడిచింది. ఆమె వెనక దరువు ఆగిపోయింది.

డెయ్‌సీ లేచి నిలబడింది.

"మెసేజి లేదు," అంది మారిసెల్. "మీ అక్క ఏదీ పంపలేదు. ఫోన్ చేసింది, నేను కట్ చేశాను. చేరిందని నేనే పుట్టించాను, అడుగుతున్న ఆ ముగ్గురూ నన్ను వదిలేస్తారని. లాయరమ్మకి చెప్తాను. సంతకం పెడతాను. నువ్వు నన్ను ఏమైనా అను."

డెయ్‌సీ ఏడవలేదు. ముఖంలో రంగు మాత్రం మెల్లగా దిగిపోయింది.

"ఎన్నింటికి పెట్టావక్కా, చేరిందని?"

"ఒకటీ యాభైకి."

"ఒకటీ యాభై రెండుకి మా ఇంటి తాళం తిరిగింది." డెయ్‌సీ గొంతు గుసగుసలోకి జారింది. "అమ్మా నేనూ ఇద్దరం విన్నాం. మెట్ల మీద అడుగులు లేవు. తాళం ఒక్కటే తిరిగింది. అక్క గది తలుపు పడింది. వాగులో దొరికాక కూడా... ప్రతి శనివారం వస్తూనే ఉంది. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. గది ముందు పళ్లెంలో రొట్టె పెడుతుంది, తెల్లారేసరికి ఉండదు. అక్కే అనుకున్నాం. అక్క ఇంటికి చేరిందిగా అనుకున్నాం."

మారిసెల్ తల అడ్డంగా ఊపింది.

"చేరనేలేదంటే... ఆ వచ్చేదెవరు?" అంది డెయ్‌సీ. "అమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో."

తల్లికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. అవతల ఎత్తారు.

"అమ్మా, బయటికి రా. ఏమీ అడక్కు. వెంటనే బయటికి రా."

"మెల్లగా మాట్లాడవే," అంది తల్లి, సంతోషం పట్టలేని గుసగుసతో. "ఇవాళ గదిలోకి పోలేదు తల్లీ. వచ్చి నా పక్కనే కూర్చుంది." ఒక్క క్షణం ఆగింది. అవతల ఎవరో ఏదో అన్నట్టు. "నీ పక్కన మారిసెల్ ఉందా అని అడుగుతోంది."