జర జరుగక్కా

నయాపూల్ దగ్గరి ఆసుపత్రిలో, మధ్యాహ్నపు ఎండ ఆపరేషన్ గది అద్దాల మీద తెల్లగా పడుతోంది. బల్ల మీద కళావతి. బేగంబజార్‌లో గిన్నెల మీద పేర్లు చెక్కుతుంది. ఆమె నోరు మూయించినవాడు ఆ గల్లీలో లేడు. ఇవాళ అపెండిక్స్ తీయించుకోక తప్పింది కాదు.

"డాక్టర్ సాబ్, మందు తక్కువైతే లేస్త. మస్తు లొల్లి పెడ్త!"

మత్తు డాక్టరు శ్రీహరిరావు గుంటూరు మనిషి. నవ్వాడు. "లేవవమ్మా. నీ మెడలో రెండు పక్కలా కాపలావాళ్లుంటారు. రక్తపోటు పడితే గుండెను పరిగెత్తిస్తారు. మత్తుకి వాళ్లూ కునుకు తీస్తారు. అందుకే ఎడమ పక్క నాడి మీద నేను వేలు పెట్టి కూర్చుంటా."

"మరి కుడి పక్క ఎవరుంటరు?"

"ఒక పక్క చాలమ్మా."

రబ్బరు తొడుగు ముక్కును మూసింది. తియ్యటి వాసన. మాటలు దూరమయ్యాయి...

కత్తి తగిలింది.

'సార్!' అని అరిచింది కళావతి. నాలుక కదల్లేదు. రెప్ప కదల్లేదు. ఒళ్లు కదలనివ్వని మందు పట్టింది, నిద్ర పట్టలేదు. సొంత ఒంట్లోనే పెట్టి తాళం వేసినట్టుంది.

"ప్రెషర్ పడిపోతోంది సార్." నర్సు విమలాదేవి గొంతు.

"నాడి మాత్రం పెరగట్లేదు. కాపలావాళ్లు పడుకున్నారు. అంటే ఈవిడా హాయిగా నిద్రపోతోంది. సెలైన్ వేగం పెంచు."

'నిద్రపోలే సార్... నేనున్న... ఈడనే ఉన్న...'

ఎవరికీ వినపడలేదు. చీకటి ముంచుకొస్తోంది.

అప్పుడు... మెడకు కుడి పక్కన ఇంకో వేలు ఆనింది. తడిగా. మంచుగడ్డలా.

చెవిలో ఆడగొంతు. "జర జరుగక్కా... ఎప్పటి సంది నిలబడ్డనో..."

కిషన్‌బాగ్ బస్సులో రోజూ వినే మాటే. రోజూ ఇచ్చే జవాబే, అలవాటుగా, మనసులో వచ్చేసింది.

'రా అక్కా, కూసో.'

మెడలో ఏదో సర్దుకుని కూర్చుంది.

"ప్రెషర్ లేచింది సార్!"

సాయంత్రం వార్డుకు వచ్చాడు శ్రీహరిరావు. "ఏమ్మా, లొల్లి పెడతానన్నావు?" మెడ ఎడమ పక్క వేలు పెట్టాడు. "అబ్బో, పరిగెత్తుతోందే! దేనికంత భయం?"

కళావతి ఆయన రెండో చెయ్యి పట్టుకుని కుడి పక్క ఆనించింది.

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఎడమ పక్క నాడి పరిగెత్తుతూనే ఉంది. కుడి పక్కది... నింపాదిగా. చాలాసేపటికి సీటు దొరికిన మనిషిలా.

"ఏ స్టేజీల దిగుతదో..." అంది కళావతి, "అడగలే సార్."