పాతదిచ్చి కొత్తది తీసుకో

వాట్‌గంజ్ పేటలో రేవు గోడను ఆనుకుని పాడుపడ్డ ఉప్పు గోదాం ఒకటి ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే అటు కుక్క కూడా పోయేది కాదట. మత్తు సూదికి అలవాటుపడ్డ దయారత్నం ఆ గుమ్మంలోనే పోయాడు. పోయాక కూడా లోపలే ఉన్నాడని, వచ్చినవాళ్లని సూది అడుగుతాడని చెప్పుకునేవారు.

ఆ మాట పుట్టించింది బైరాగి.

సూది వేసుకునేవాళ్లకి రోగం అంటకూడదని పేటలో ఒక సంఘంవాళ్లు పాత సూది తీసుకుని కొత్తది ఇచ్చేవారు. పాతవాటిని కాల్చే చోటికి మోసుకెళ్లే పని బైరాగిది. కాల్చలేదు వాడు. గోదాంలో కడిగి, కవర్లలో పెట్టి, బంద్ రోజున సంఘం తలుపు మూసి ఉంటే కొత్తవని అమ్మేవాడు. దయారత్నం అలాంటివే కొన్నాడు. ఎయిడ్స్‌తో కట్టెలా ఎండిపోయాడు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. తెల్లారితే బంద్. బైరాగి తడుముకుంటూ లోపలికి వచ్చాడు. సూదులు ఆరబెట్టిన గోనెపట్టా ముందు వంగాడు...

“పాతదిచ్చి... కొత్తది తీసుకో.”

గుసగుస. చెవి పక్కనే.

బైరాగి గిరుక్కున వెనక్కి తిరిగాడు. తాను పుట్టించిన దెయ్యం... తనతోనే మాట్లాడుతుందా?

“ఎవుడ్రా?”

“బంద్ రోజున కొన్నాది... మర్సిపోనావా, బైరాగి దాదా?”

వెనక్కి తూలి చెయ్యి ఆనించాడు — పట్టా మీద. అరచేతిలో చురుక్కుమంది.

అగ్గిపుల్ల వెలిగింది. కొవ్వొత్తి వెనక లిల్లీ, దయారత్నం పెళ్లాం. చంకలో సంఘంవాళ్లు పాత సూదులు వేసే డబ్బా.

బైరాగికి ప్రాణం లేచొచ్చింది. నవ్వాడు కూడా. “నువ్వేటే లిల్లీ... దెయ్యమనుకున్నాను.”

లిల్లీ నవ్వలేదు. వాడి అరచెయ్యి చూస్తోంది. సూది ఇంకా అందులోనే వేలాడుతోంది.

బైరాగీ చూశాడు. లాగి పారేశాడు.

“కడిగినానే. అన్నీ కడిగినాను.”

“నా మొగుడికిచ్చినదీ కడిగినావు.”

“ఇది... ఇది ఎవుడిదే?”

“కడిగినోడివి నువ్వు. నాకేటి తెలుస్తాది?”

పట్టకారుతో సూదులన్నీ ఏరి డబ్బాలో వేసింది. తొందరపడలేదు. మూత బిగించి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“సంఘానికి రా, రక్తం చూస్తారు. రోగం ఉందో లేదో వెంటనే తేలదట... నెలలు పడతాదట.”

కొవ్వొత్తి ఊదేసింది.

“అందాకా దయారత్నం నీతోటే పడుకుంటాడు.”